నీళ్ల కింద నగరం

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మనమంతా లాంచీలో నాగార్జునకొండ వెళ్లొచ్చాం కదా, దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కొండ మీద ఇటుక పునాదులు చూసి మా ఆవిడ, "ఇంత దూరం వచ్చింది ఈ ఇటుకల కోసమా?" అంది. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను.

మన లాంచీ కింద ఉన్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటి నగరం. అక్కడి మహాచైత్యానికి దానం చేసింది రాజు సోదరి శాంతిశ్రీ. ఆమె పేరు నేటికీ శాసనంలో ఉంది. 1926లో రంగస్వామి సరస్వతి గారు ఈ శిథిలాలను గుర్తించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను కొండ మీద తిరిగి నిలబెట్టారు. పాత ఫైలు పోతుందని తెలిస్తే ముందుగా నకలు తీసి పెట్టుకోవడం మనకు తెలిసిన పనే. ఆ ఇటుకలు అలాంటి నకలు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు మా చేలకు చేరాక, జొన్న గటక తిన్న మా ఇంట్లో రోజూ వరి అన్నం ఉడికింది. మా నాయన మొదటి పంట వడ్లు దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ నీళ్ల కోసం లోయలోని పల్లెల వాళ్లు ఇళ్లూ పొలాలూ విడిచి వెళ్లారని అప్పుడు మాకు తట్టలేదు. మన అన్నానికి వెల కట్టింది వాళ్లూ, ఆ నగరమూ. ఆ ఇటుకలను చూడడానికి వెళ్లడమంటే ఆ బాకీని ఒప్పుకోవడమే.

మునగనిది ఒకటి మన దగ్గరే ఉంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం దొరికింది. అక్కడి శిల్పాలను 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. అమెరికా వాళ్లు చూశారు, మనలో ఎందరు చూశాం? మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే మనవళ్లను, మనవరాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. రాళ్ల మీద పేర్లు గీకొద్దని వాళ్లకు చెప్పండి.