అమ్మ పెట్టిన సంతకం

నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఇక్కడే ఐటీ కన్సల్టెంటుగా స్థిరపడ్డవాణ్ణి. లాయర్ని కాను, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. టీవీ కంపెనీతో 360 డాలర్ల కోసం నాలుగు నెలలు పోట్లాడిన మనిషిని, అంతే. ఆ కథ ఒకసారి ఓ పుట్టినరోజు విందులో చెబితే, చుట్టూ ఉన్న ఆరుగురిలో ముగ్గురు "మాకూ అలాగే అయింది, కట్టేసి ఊరుకున్నాం" అన్నారు. అందుకని రేడియోవాళ్ళు పిలవగానే వచ్చాను.

2015 మే నెలలో అమ్మా నాన్నా మొదటిసారి ఇక్కడికి వచ్చారు. మాది తెనాలి. నాన్నకి పొద్దున వార్తలు, అమ్మకి సాయంత్రం సీరియళ్ళు లేకపోతే రోజు గడవదు. మా ఆవిడా నేనూ ఆఫీసులకి పోతే ఇంట్లో వాళ్ళిద్దరే. కారు నడపలేరు, బయటికొచ్చి నిలబడితే వీధిలో మనిషన్నవాడు కనపడడు. మీలో చాలామంది ఇళ్ళలో ఇదే కథ. అందుకని తెలుగు ప్యాకేజీతో శాటిలైట్ టీవీ పెట్టించాను. రెండేళ్ళ ఒప్పందం. మధ్యలో మానేస్తే మిగిలిన ప్రతి నెలకీ 20 డాలర్ల చొప్పున కట్టాలి. అది చదివే సంతకం పెట్టాను. 2017 మే నెలతో అయిపోతుంది. దాంతో నాకు పేచీ లేదు.

2016 అక్టోబరులో వాళ్ళు రెండోసారి వచ్చారు. డిసెంబరులో టీవీ పక్కనుండే పెట్టె చెడిపోయింది. ఆ పెట్టె కంపెనీదే, మనం నెలనెలా అద్దె కడతాం. ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు. ఆ మనిషి వచ్చిన రోజు నేను ప్లేనోలో క్లయింటు దగ్గరున్నాను. అమ్మ తలుపు తీసింది. అతను పాత పెట్టె తీసి కొత్తది పెట్టి, టీవీ చూపించి, చేతిలో ఉన్న చిన్న పలకలాంటిది ముందుకి చాపి "సైన్ ప్లీజ్" అన్నాట్ట. అమ్మ వేలితో సంతకం పెట్టింది. సాయంత్రం నేను ఇంటికొస్తే "మంచి కుర్రాడురా, కాఫీ ఇస్తానంటే వద్దన్నాడు" అని చెప్పింది. టీవీ వచ్చింది, అందరం ఆ సంగతి మర్చిపోయాం.

మార్చిలో వాళ్ళు వెళ్ళిపోయారు. జూన్‌లో నేను ఫోన్ చేసి, ఒప్పందం అయిపోయింది కదా, ఇక ఆపేయండి అన్నాను. అవతలి అమ్మాయి కాసేపు కీబోర్డు కొట్టి, "మీ ఒప్పందం 2018 డిసెంబరు దాకా ఉందండీ, ఇప్పుడు ఆపితే 360 డాలర్లు అవుతుంది" అంది. ఎలా ఉంటుందమ్మా అని అడిగితే, "సిస్టమ్ అలా చూపిస్తోంది" అంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సిస్టమ్ తనంతట తను ఏదీ చూపించదు. ఎవరో రాస్తేనే చూపిస్తుంది, ఆ రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బిల్లింగ్ ప్రోగ్రాముల్లో "ఒప్పందం ముగిసే తేదీ" అని ఒక గడి ఉంటుంది. ఆర్డరు రకం "రిపేరు" అయితే ఆ గడిని ముట్టుకోవద్దనీ, "అప్‌గ్రేడ్" అయితే ఇవాళ్టి నుంచి 24 నెలలు కలపమనీ ఒక షరతు రాసి పెడతారు. రాసినవాడికి మా అమ్మ తెలియదు, తలుపు తెలియదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అనుమానం వచ్చినా నేను పడబోయిన గొయ్యి ఇంకొకటుంది. ఆ అమ్మాయి నన్ను వేరే విభాగానికి కలిపింది. మానేసేవాళ్ళని ఆపడమే వాళ్ళ ఉద్యోగం. అక్కడి పెద్దమనిషి ఎంతో మర్యాదగా, మీరు మా పాత కస్టమరు, నెలకి 10 డాలర్లు తగ్గిస్తాను, సినిమా ఛానెళ్ళు మూడు నెలలు ఉచితం అన్నాడు. నేను మెత్తబడ్డాను. ఫోను స్పీకర్లో ఉంది. మా ఆవిడ కరెంటు బిల్లు వెనకాల పెద్ద అక్షరాలతో "దీనికి మళ్ళీ ఒప్పందమా?" అని రాసి నా ముందు పెట్టింది. అడిగాను. ఆ తగ్గింపు తీసుకుంటే మళ్ళీ 24 నెలలట! అడక్కపోతే చెప్పేవాడా? నాకైతే నమ్మకం లేదు.

అప్పుడు నేను డబ్బు మాట మానేసి ఒకటే పాట పట్టుకున్నాను. ఒప్పందం ఏ తేదీన, ఎవరి మాట మీద, ఏ కాగితంతో పొడిగించారు? ఆ కాగితం పంపండి. మూడుసార్లు పంపుతామన్నారు, పంపలేదు. నాలుగోసారి వచ్చింది. డిసెంబరులో వచ్చిన మెకానిక్ వర్క్ ఆర్డరు అది. ఆర్డరు రకం దగ్గర "అప్‌గ్రేడ్" అని ఉంది. పాత రకం పెట్టె అతని వ్యానులో లేక కొత్త రకం పెట్టాడు కాబోలు. దాని కింద చీమల్లాంటి అక్షరాలతో 24 నెలల వాక్యం. దాని కింద సంతకం, తెలుగులో! ఇంటిపేరు మొదటి అక్షరం, చుక్క, పేరు. తెనాలి పోస్టాఫీసు పాసుబుక్కులో నలభై ఏళ్ళుగా పెడుతున్న సంతకమే. వేలితో గాజు మీద పెట్టినందుకు కొమ్ములూ దీర్ఘాలూ కాస్త వంకరపోయాయి, అంతే.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆదివారం ఫోన్లో నాన్నకి చెబుతుంటే అమ్మ పక్కనుంచి వింది. "360 డాలర్లంటే 23 వేలు కదరా, నా వల్లే కదా" అంది. కాదమ్మా అన్నాను. ఆవిడ వినలేదు. ఆ పలక మీద ఏముందో చదవడానికి కళ్ళజోడు కూడా పెట్టుకోలేదని మళ్ళీ మళ్ళీ చెప్పింది. పెట్టుకున్నా ఇంగ్లీషే కదమ్మా అంటే, "అందుకే నన్ను అడిగాడేమో" అంది. ఆ మాట దగ్గర నాకు పట్టుదల వచ్చింది. అప్పటిదాకా నేను కూడా కట్టేసి ఊరుకుందామనే అనుకుంటున్నానండీ.

ఇది మా ఇంట్లోనే మొదలైన జబ్బు కాదు. నాకు తగిలిన కంపెనీ పేరు చెప్పను, నా గొడవ తీరిపోయింది. కానీ కోర్టు రికార్డుల్లో ఉన్నది చెప్పొచ్చు. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం అటార్నీ జనరల్ డైరెక్‌టీవీ మీద వేసిన దావాలో ఒక ఆరోపణ సరిగ్గా ఇదే. చెడిపోయిన పరికరం మార్చినప్పుడు కూడా, షరతులు స్పష్టంగా చెప్పకుండా కస్టమర్లని కొత్త ఒప్పందంలో పెడుతున్నారని. 2010 డిసెంబరులో ఆ కంపెనీ రాష్ట్రాలతో కోటీ 32 లక్షల 50 వేల డాలర్లకి రాజీ పడింది. అంతకు ముందు ఏడాది డిష్ నెట్‌వర్క్ 46 రాష్ట్రాలతో సుమారు 60 లక్షలకి రాజీ పడింది. రెండూ రాజీలే, తప్పు రుజువైన తీర్పులు కావు.

మరి కోర్టుకి వెళ్ళొచ్చు కదా అంటారు. కాలిఫోర్నియాలో కొందరు కస్టమర్లు ఈ మధ్యలో మానేసే రుసుం మీదే 2008లో అందరి తరఫునా దావా వేశారు. అది ఏడేళ్ళు నలిగి సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2015 డిసెంబరులో ఆరుగురు ముగ్గురి తేడాతో కోర్టు చెప్పింది, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ అని రాసుంది కాబట్టి ఎవరికి వాళ్ళు అక్కడే తేల్చుకోవాలని. అందరూ కలిసి వేసే దావా అక్కడితో సరి. 2015లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా డైరెక్‌టీవీ మీద కేసు వేసింది. ఏడాది తగ్గింపు ధర చూపించి, వెనకాల రెండేళ్ళ ఒప్పందముందనీ, మానేస్తే 480 డాలర్ల దాకా కట్టాలనీ సరిగా చెప్పలేదని. 2018 ఆగస్టులో జడ్జి చాలామటుకు కంపెనీ వైపే మొగ్గాడు, అక్టోబరులో కమిషన్ కేసు వదులుకుంది. అంతెందుకు, ఒక్క క్లిక్కుతో చేరినవాళ్ళు అంతే తేలిగ్గా మానుకోగలగాలని 2024 అక్టోబరులో అదే కమిషన్ ఒక నియమం తెచ్చింది. అది అమల్లోకి పూర్తిగా రాకముందే, 2025 జూలైలో అప్పీల్సు కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం చూసుకుంటుందిలే అని కూర్చుంటే మన 360 డాలర్లు పోయినట్టే.

నేను చేసింది చెబుతాను. జూన్‌లోనే కనెక్షను ఆపేయించాను, పెట్టె తిరిగి పంపి రసీదు దాచాను. జూలైలో 360 డాలర్లు నా క్రెడిట్ కార్డు మీద పడ్డాయి. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ అని ఒకటుంది. బిల్లులో తప్పుంటే, ఆ బిల్లు పంపిన 60 రోజుల లోపల కార్డు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్లో చెప్పడం వేరు, ఉత్తరం వేరు. డబ్బు పంపే చిరునామాకి కాకుండా, బిల్లు వెనకాల ఫిర్యాదులకని అచ్చు వేసే చిరునామాకి పంపాలి. వాళ్ళు 30 రోజుల్లో ఉత్తరం అందిందని చెప్పాలి, రెండు బిల్లుల లోపల, ఎంత లేటైనా 90 రోజుల్లో తేల్చాలి. ఈలోగా ఆ మొత్తం కట్టమని అడగకూడదు. నేను సర్టిఫైడ్ మెయిల్లో, అందినట్టు సంతకం వచ్చేలా పంపాను. అక్కడ మాత్రం వాళ్ళ సంతకం నాకు కావలసి వచ్చింది!

టీవీ కంపెనీ కార్డువాళ్ళకి జవాబుగా అదే వర్క్ ఆర్డరు పంపింది, చూడండి సంతకం ఉంది అని. అక్కడ నా డ్రైవర్ లైసెన్సు మీది సంతకం, అమ్మ పాస్‌పోర్టులోని సంతకం పక్కపక్కన పెట్టి కాపీ తీయించాను. ఈ ఖాతా నాది, సంతకం నాది కాదు. పెట్టినావిడ ఖాతాలో లేదు, విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి, మార్చిలో వెళ్ళిపోయిందని ఐ-94 రికార్డు ఇదిగో. పిలిచింది రిపేరుకి, ఆ ఫోను తేదీ ఇదిగో. ఒకే పేజీ ఉత్తరం. మొదట నాలుగు పేజీలు రాశాను, అందులో మూడు పేజీలు తిట్లే. మా ఆవిడ కొట్టేసింది.

అదే ఉత్తరాన్ని సెప్టెంబరులో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కి ఫిర్యాదుగా పెట్టాను. దానికి ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. వాళ్ళు దాన్ని కంపెనీకి పంపుతారు, కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడు వారాలకి కంపెనీ పెద్ద ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. జూన్ నుంచి నేను మాట్లాడినవాళ్ళలో ఆ వర్క్ ఆర్డరు నిజంగా తెరిచి చూసింది ఈవిడేనేమో. "ఇది ఏ భాషండీ?" అని అడిగింది. తెలుగు అని చెప్పాను. ఒక్క నిమిషం ఆగి, మర్యాద కొద్దీ ఈ రుసుం రద్దు చేస్తున్నామంది. తప్పు అని మాత్రం అనలేదు, మర్యాద అంది. సరే, ఆ మర్యాదేదో కాగితం మీద పెట్టి, నేను కట్టాల్సింది సున్నా అని రాసి పంపమన్నాను. అక్టోబరు చివరికి ఉత్తరమూ వచ్చింది, డబ్బూ వచ్చింది.

ఆ ఉత్తరం విలువ నాకు 2018 మార్చిలో తెలిసింది. ఇల్లు కొనడానికి లోనుకి అప్లై చేసి ఉన్నాం. అంతలో వసూళ్ళ ఏజెన్సీ నుంచి నోటీసు, 360 డాలర్లు బాకీ అని. రద్దు చేసిన సిస్టమ్ ఒకటి, వసూళ్ళకి పంపే సిస్టమ్ ఇంకొకటి. ఒకటి రెండోదానికి చెప్పలేదు. నా వృత్తిలో ఇది రోజూ చూసేదే, నా క్రెడిట్ రిపోర్టు మీద చూస్తే మాత్రం కాళ్ళు వణికాయి. వసూళ్ళ నోటీసు అందాక 30 రోజుల్లో రాతపూర్వకంగా కాదంటే, వాళ్ళు బాకీ రుజువు చూపించేదాకా ఆగాలి. అది 1977 నాటి ఇంకో చట్టం. సున్నా బాకీ ఉత్తరం కాపీ పెట్టి పంపాను. మళ్ళీ వాళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు. లోను ఆఫీసరుకీ అదే కాపీ ఇచ్చాను, ఇల్లు వచ్చింది.

డబ్బు తిరిగొచ్చిన రోజే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. సంతోషించింది కానీ, "ఇక మీ ఊళ్ళో నేను దేనిమీదా సంతకం పెట్టన్రా" అంది. ఉత్తిమాట అనుకున్నాను. 2019లో మళ్ళీ వచ్చారు. నా కొత్త క్లయింటు ల్యాప్‌టాప్ పంపాడు, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా సంతకం చేస్తేనే ఇచ్చే పార్సిలు. వరసగా మూడు రోజులు ఆ డెలివరీ అతను వచ్చి తలుపు కొట్టాడట. మూడు రోజులూ అమ్మ అద్దంలోంచే చెయ్యి ఊపి "నో సైన్, నో సైన్" అని పంపించేసింది. నాలుగో రోజు నేను సెలవు పెట్టి డిపోకి వెళ్ళి, గంట సేపు లైన్లో నిలబడి తెచ్చుకున్నాను.