కాన్పు తర్వాత పోయేది "చెడు రక్తం" కాదు

నేను మీ జైనూర్ పిల్లగాణ్ణి. చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డాక్టర్‌ని కాదు. అయినా ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో చెప్తా.

మా అక్కకు రెండో కాన్పు అయిన గంటలోపే వేసిన బట్టలన్నీ తడిసిపోయినయి. మా నానమ్మ, "చెడు రక్తం బిడ్డా, పోతేనే మంచిది" అన్నది. అక్కడున్న సిస్టర్ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, వెంటనే డాక్టర్‌ని పిలిచింది. అట్లా అక్క మనకు దక్కింది.

అసలు ఏం జరుగుతుందంటే, నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా రక్తం వెళ్తుంది. మాయ ఊడిపోయాక గర్భసంచి గట్టిగా ముడుచుకొని ఆ రక్తనాళాలను నొక్కేయాలి. ముడుచుకోకపోతే నల్లా విప్పి వదిలేసినట్టే. ఎక్కువ కేసుల్లో కారణం ఇదే. మిగతావి మూడు: మాయ ముక్క లోపల మిగిలిపోవడం, కాన్పులో చీరుకుపోవడం, రక్తం గడ్డకట్టకపోవడం. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం కిందే లెక్క.

ఎవరికి ఎక్కువ భయం? కవలలు, బిడ్డ బరువు ఎక్కువ, ఉమ్మనీరు ఎక్కువ, నొప్పులు చాలాసేపు సాగడం, చాలా కాన్పులు కావడం, మాయ కిందికి ఉండటం, పోయిన కాన్పులో ఇట్లనే కావడం. కానీ ఇవేవీ లేనివాళ్లకు కూడా వస్తుంది. అందుకే "మాకేం కాదు" అనుకోవద్దు.

మన దగ్గర ఇంకో సమస్య రక్తహీనత. 2022 డిసెంబర్‌లో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టిన 9 జిల్లాల్లో మన ఆసిఫాబాద్ ఒకటి. ఒంట్లో రక్తం తక్కువున్న తల్లి కొంచెం పోయినా తట్టుకోలేదు. ఐరన్ గోలీలు మానొద్దు.

కాన్పు ఆసుపత్రిలోనే చేయించండి. బిడ్డ పుట్టగానే ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. వానాకాలంలో వాగులు పొంగకముందే, డేట్ దగ్గర పడగానే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరుకోండి. అదే గ్రూపు రక్తం ఇచ్చేవాళ్లను ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంటికొచ్చాక కూడా గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసినా, పెద్ద గడ్డలు పడినా, కళ్లు తిరిగినా, చల్లచెమటలు పట్టినా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఈ వీడియో మీ ఇంట్లో నానమ్మలకు, అమ్మమ్మలకు చూపించండి. కాన్పు దగ్గర వాళ్ల మాటే నడుస్తుంది కదా.