ప్రకృతి ఫోటోలు – నాలుగు మంచి మాటలు



మన ఇళ్ళలో ఫోటో ఆల్బములకు కొదవ లేదు. నయాగరా ముందు నాన్నగారు, బాన్ఫ్‌లో అమ్మగారు, మంచులో పిల్లలు. ఇవన్నీ ఒకప్పుడు తాతగారికీ అమ్మమ్మగారికీ మన క్షేమ సమాచారంగా వెళ్ళినవి. వాటి విలువ వాటికుంది. కాని వాటిలో మనుషులే ఉన్నారు, ఈ నేల లేదు. ఇక్కడే పుట్టిన మన పిల్లలు ఇప్పుడు కెమెరాను సరస్సు వైపూ, మేపుల్ చెట్ల వైపూ తిప్పుతున్నారు. ఇది మా ఊరు అని వాళ్ళు చెప్పుకునే తీరు అది. ఆ ఫోటో తెచ్చి చూపించినప్పుడు మనం ఏమంటున్నాం? ఈనాటి విషయం అదే.

మనం సాధారణంగా రెండు మాటలే అంటాం. ఒకటి "బాగుంది". రెండోది "ఈపాటికి నాలుగు లెక్కలు చేసుకోకూడదూ?" రెండోది మనసు విరిచేస్తుంది. మొదటిది మర్యాదే గాని, ఏది బాగుందో చెప్పని మెచ్చుకోలు నేర్చుకునేవారికి దమ్మిడీకి కొరగాదు.

ఈ దేశపు ప్రకృతిని రంగుల్లో చూపిన టామ్ థామ్సన్ కథ వినండి. ఆయన టొరాంటోలో ప్రకటనల బొమ్మలు వేసే ఉద్యోగి. చిత్రకళలో పెద్దగా శిక్షణ పొందినవారు కారు. తోటి ఉద్యోగులు సెలవురోజుల్లో కలిసి బొమ్మలు వేసుకునేవారు, ఒకరివి ఒకరు చూసుకునేవారు. 1914లో ఆయనా, పారిస్‌లో చదువుకొని వచ్చిన ఎ.వై. జాక్సన్ ఒకే స్టూడియో పంచుకున్నారు. జాక్సన్‌కు రంగుల మర్మం తెలుసు, థామ్సన్‌కు అల్గోంక్విన్ అడవి తెలుసు. ఇద్దరూ ఇచ్చిపుచ్చుకున్నారు. థామ్సన్ 1917లో ఆ అడవిలోని కనూ సరస్సులోనే మరణించారు. ఆయన "జాక్ పైన్" చిత్రం ఒట్టావా జాతీయ చిత్రశాలలో ఉంది. ఆ మిత్రులే 1920లో "గ్రూప్ ఆఫ్ సెవెన్"గా ఏర్పడ్డారు.

మన ఇళ్ళలోనూ ఇటువంటి జంట ఉంది. పిల్లలకు ఈ అడవులు తెలుసు. పెద్దలకు వరిచేల మీద పొద్దుటి ఎండ ఎలా పడుతుందో తెలుసు. కెమెరా పట్టడం రాకపోయినా వెలుగు తెలిసిన కన్ను ఉంది. అందుకని ఫోటో చూసినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. నా చూపు ముందు ఎక్కడికి వెళ్ళింది? నువ్వు చూడమన్నది అదేనా? ఇందులో తీసేయగలిగింది ఏమన్నా ఉందా? ముందు నచ్చినది ఒకటి, తరువాత మార్చదగినది ఒకటి, అంతే. పది తప్పులు ఏకరువు పెడితే ఒక్కటీ దిద్దుకోలేరు.

తరచుగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. సరస్సు అవతలి గట్టు ఒరిగిపోతే నీళ్ళు ఒలికిపోతున్నట్లుంటుంది. కొండలు ఎంత పెద్దవైనా, ముందు ఒక రాయో పడవో లేకపోతే చిన్నబోతాయి. మంచు సంగతి మరీ ముఖ్యం. కెమెరాలోని మీటరు ఎదుట ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగు అనుకొని లెక్క కడుతుంది. అందుచేత మల్లెపువ్వులా ఉండవలసిన మంచు మాసిన పంచెలా వస్తుంది. ఒకటి, ఒకటిన్నర స్టాపు వెలుగు ఎక్కువిస్తే సరిపోతుంది. సెల్‌ఫోనులోనైతే తెర మీద వేలితోనే పెంచుకోవచ్చు. చలికాలంలో ఇక్కడ సూర్యుడు పైకెక్కడు గనుక నీడలు రోజంతా పొడుగ్గానే ఉంటాయి. ఫోటోకు అంతకన్న వరం లేదు.

వినేవారికీ ఒక ధర్మం ఉంది. వాదించకుండా విని, వచ్చేవారం అదే చోటికి మళ్ళీ వెళ్ళి తీయాలి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే ఎవరి మాట పనికివచ్చిందో తెలిసిపోతుంది.

ఈ ముచ్చట్లు తెలుగులోనే జరుపుకుందాం. నీడ, పొద్దు, గట్టు, అల అన్న మాటలు పాఠంగా చెబితే పిల్లలు మరిచిపోతారు. తాము తీసిన ఫోటో మీద వేలు పెట్టి చెబితే మరిచిపోరు. తాతగారూ మనవరాలూ ఒకే ఫోటో మీద తలలు వంచి మాట్లాడుకోవడం కన్న మన సంఘాలకు కావలసింది ఏముంది?