కారు లేని కలకత్తా: రెండు రాత్రులు



సెలవు దొరికి యాత్రకు బయలుదేరు ఉద్యోగి మొదట వేయు ప్రశ్న ఒకటి కలదు: "అచ్చట కారు కుదురునా?" కారు లేనిదే పరనగరమును చూడలేమనియు, రాత్రివేళ అసలే తిరుగలేమనియు పలువురి నమ్మకము. కలకత్తా నగరము ఈ నమ్మకమును వమ్ము చేయును. 2001లో దాని పేరు కోల్‌కతాగా మారినను తెలుగువారి నోట అది నేటికిని కలకత్తాయే. శుక్రవారము సాయంకాలము హౌరాలో దిగి ఆదివారము ఉదయము వరకు అచ్చట నుండు వానికి రెండు కాళ్లు, కొంత చిల్లర, మంచి ఆకలి ఉన్న చాలును.

హౌరా స్టేషను దాటగానే నదిని దాటుటకు మూడు మార్గములు కలవు. 1943లో తెరచిన వంతెనపై నడచి పోవచ్చును. స్టేషను ఎదుట రేవులో లాంచి ఎక్కవచ్చును. లేదా నదీగర్భము క్రిందుగా పోవు మెట్రో రైలెక్కవచ్చును. భారతదేశమున మొదటి మెట్రో 1984లో ఈ నగరముననే నడచినది. నది క్రింద నడచు మొదటి మెట్రోయు 2024లో ఇచ్చటనే వచ్చినది. అది నదిని దాటుటకు పట్టు కాలము ముప్పావు నిమిషము మాత్రమే. అయినను సాయంకాలము వచ్చిన వారు లాంచి నెక్కుటయే మేలు. దీపములు వెలుగుచున్న నగరము మెల్లమెల్లగా ఎదురు వచ్చును.

మొదటి విందు గుమాస్తాల వీధిలో. ఎస్ప్లనేడునకు దగ్గరగా డేకర్స్ లేన్ అను సందు కలదు. 1780లో ఈ దేశమున మొదటి వార్తాపత్రికను వెలువరించిన హికీ పేర ఇప్పుడు దానిని పిలుచుచున్నారు. కార్యాలయముల ఉద్యోగులు తరతరములుగా అచ్చట నిలువుకాళ్లపై భుజించుచున్నారు. కాల్చిన రొట్టె, పలుచని కోడిమాంసపు స్ట్యూ వారికి ప్రీతి. కారము తక్కువయని తెలుగు నాలుక మొదట గొణుగును గాని, రెండవ గుక్కకు ఊరుకొనును. శాకాహారులకును లోటు లేదు. లూచీలు, ఆలూదమ్ము, ఆవనూనె కలిపిన మరమరాల ఝాల్‌మురి, చింతపండు నీటి ఫుచ్‌కాలు అడుగడుగున దొరకును. రసగుల్లా సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అది తమదని వంగీయులును, తమదని ఉత్కళీయులును వాదులాడగా, 2017లో ఒకరికిని 2019లో వేరొకరికిని భౌగోళిక గుర్తింపు లభించినది. తినువానికి ఈ వ్యాజ్యముతో పనిలేదు.

పిమ్మట మెట్రోలో మహాత్మాగాంధీ రోడ్డున దిగి, కాలేజీ వీధిలోని కాఫీహౌసునకు నడచి పోవచ్చును. 1958 నుండి దీనిని నడపునది అందలి పనివారి సహకార సంఘమే. తెలుగున అడ్డా అనగా కూలీలు గాని ఆటోలు గాని నిలుచుచోటు. వంగభాషలో అడ్డా అనగా పనిలేని మాటల కొలువు. ఒక కప్పు కాఫీపై రెండు గంటలు వాదించినను లెమ్మనువారుండరు. ఆ నగరపు రాత్రి జీవితమునకు మూలము మద్యశాల కాదు, ఈ అడ్డాయే. నాటకశాలలును దీని శాఖలే. హాతీబాగానులోని స్టార్ థియేటరు 1991లో కాలిపోయినను, 2004లో మరల తెరచిరి.

నాటకము ముగిసిన వెనుక బిర్యానీ. హైదరాబాదు బిర్యానీకి అలవాటుపడినవారు పళ్లెములో నిండు ఆలుగడ్డను చూచి తెల్లబోవుదురు. 1856లో రాజ్యము పోగొట్టుకొని లక్నో నుండి వచ్చి మటియాబుర్జున నివసించిన నవాబు వాజిద్ అలీషా వంటవారి నుండి ఈ పద్ధతి వచ్చినదందురు. మాంసము చాలక ఆలుగడ్డ చేర్చిరని కొందరు, నాడది కొత్త రుచి గనుక చేర్చిరని మరికొందరు చెప్పుదురు. కారణమేదైనను ఆ ఆలుగడ్డను వదలుకొను వంగీయుడు లేడు.

రెండవ రాత్రి పార్క్ స్ట్రీటుది. అచ్చటి ట్రింకాస్ వంటి భోజనశాలలలో నేటికిని గాయకులు ఎదుట నిలిచి పాడుదురు. జనవరిలో వచ్చినవారికి డోవర్ లేన్ సంగీత సమ్మేళనము కలదు. 1952లో ఆరంభమైన ఈ సభలో తెల్లవారువరకు హిందుస్తానీ సంగీతము సాగును. దుర్గాపూజ దినములలోనైతే నగరమంతయు రాత్రిపొడవున నడచును. మెట్రోయు తెల్లవారుజాము వరకు తిరుగును. 2021లో యునెస్కో ఆ ఉత్సవమును మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది.

ఆ విందులో తెలుగువారి పాలును కలదు. కొల్లేటి పరిసరములందును, భీమవరము, ఆకివీడు ప్రాంతములందును చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు మంచుగడ్డలలో లారీలపై హౌరా చేపల బజారునకు చేరును. వంగీయుని మాఛేర్ ఝోలులో ముక్క అనేకపర్యాయములు ఆంధ్రదేశపు చెరువుదే.

అయినను ఈ సుఖమంతయు దేనిపై నిలిచియున్నదో యోచింపవలసియున్నది. పాదచారికి రాత్రివేళ రక్ష వీధిదీపము మాత్రమే కాదు. ఫుచ్‌కా బండి, పాన్ దుకాణము, టీకొట్టు, నాటకము విడిచి వచ్చు జనము: ఇవి యున్నంతవరకే దారి నిర్భయము. సాధారణ దినములలో మెట్రో చివరి బండ్లు పదకొండు గంటలకు ముందే బయలుదేరును. ఆ వెనుక వీధి ఎవరిది? 2024 ఆగస్టు 9న ఆ నగరమున ఒక ప్రభుత్వ వైద్యశాలలో రాత్రి విధిలోనున్న యువ వైద్యురాలు హత్యకు గురియైనది. ఆగస్టు 14వ తేదీ అర్ధరాత్రి వేలకొలది స్త్రీలు వీధులలోనికి వచ్చి, రాత్రి తమకును చెందునని చాటిరి. తన కూతురు భయములేక నడువజాలని నగరమున ఎన్ని విందులున్ననేమి?

ట్రాము సంగతియు ఇట్టిదే. 1873లో గుర్రములతో నడచి, 1902లో విద్యుచ్ఛక్తి నందుకొన్న ఈ బండి, కొద్ది జీతమువానిని తక్కువ ఖర్చుతో ఇల్లు చేర్చినది. మైదానపు మార్గము తప్ప తక్కినవి నిలుపుదుమని 2024లో ప్రభుత్వము ప్రకటించినది. రోడ్డుపై తావు చాలదన్నది దానికి చెప్పిన కారణములలో ఒకటి. ఆ తావును ఆక్రమించిన వాటిలో కార్లే ముఖ్యములు. ఒక్కొక్కడు ఎక్కు కారుకొరకు పదుగురెక్కు బండిని తొలగించుట లెక్క తెలిసినవారు చేయు పని కాదు.

ఆదివారము సూర్యోదయ వేళకు సెంట్రల్ స్టేషను సమీపమున టిరెట్టా బజారులో చీనా కుటుంబములవారు ఆవిరి మోమోలు, చేప ఉండల చారు అమ్ముచుందురు. ఆలస్యమైన పాత్రలు ఖాళీయగును. కావున రాత్రి ఎంత ప్రొద్దుపోయినను వేకువనే లేవవలయును.

సెలవుపై పరనగరములకు పోవు సోదర సోదరీమణులు ఒక్కసారియైనను కారు నడుగక, కాలిబాటను, చివరి బండి వేళను అడిగి బయలుదేరుదురు గాక! తిరిగి వచ్చిన వెనుక తమ ఊరిలోను అవే ప్రశ్నలను అధికారులను అడుగుదురు గాక! రాత్రి తొమ్మిది గంటలకు ఒక గుమాస్తా కుటుంబము నడచిపోయి, కడుపునిండ తిని, ఒక పాట విని, సుఖముగా ఇల్లు చేరగలిగిన ఊరే నగరమనిపించుకొనును.