వార్తలను పంచుకొనుట
(పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



ఈ బల్లమీది దినపత్రికలలో దేనిని విప్పినను, ఊరిపేరు ప్రక్కన 'పి.టి.ఐ.' అను మూడక్షరములు పలుచోట్ల కానవచ్చును. చదువరి కన్ను వానిని దాటిపోవును. నేడు వానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

ఒక పత్రిక ఎన్ని యూళ్ల విలేఖరులను పోషింపగలదు? ఢిల్లీలో నొక్కని నుంచుటయే చిన్నపత్రికకు తలకు మించిన పని. పలుపత్రికలు కలిసి ఒక్కనిని పంపి, అతడు తెచ్చినది అందరును పంచుకొన్నచో భారము తగ్గును. 1846లో మెక్సికో యుద్ధవార్తలను వేగముగ రప్పించుకొనుటకు న్యూయార్కు పత్రికలు కొన్ని ఇట్లే కలిసినవి. అసోసియేటెడ్ ప్రెస్సు పుట్టుక అదియే.

మన కథ వేరు. 1870లో రాయిటరు, హవాస్, వోల్ఫ్ అను మూడు సంస్థలు లోకమును వార్తల కొరకు పంచుకొన్నప్పుడు మనదేశము రాయిటరు వాటాకు పోయెను. మన కష్టసుఖములు లోకమునకు తెలియుటకును, లోకము సంగతి మనకు తెలియుటకును అదియొక్కటే వాకిలి. స్వదేశవార్తల నందించు అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియాయు తుదకు దాని చేతిలోనిదే యయ్యెను. సదానందుగారి ఫ్రీ ప్రెస్ దీని కెదురు నిలిచి, కొన్ని యేండ్లు పోరాడి, నిలువలేక పోయెను. స్వాతంత్ర్యము వచ్చిన పండ్రెండవనాడు, 1947 ఆగస్టు 27న, ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మద్రాసున రిజిస్టరయ్యెను. 'హిందూ' పత్రిక కస్తూరి శ్రీనివాసన్ గారు తొలి అధ్యక్షులు. 1949 ఫిబ్రవరి 1 నుండి అది పని నారంభించెను.

దీని వాటాదారులు పత్రికలే. లాభము పంచుకొనరాదు, మిగిలినది సంస్థకే చెందవలెను. పని యెట్లు జరుగుననగా, ఎక్కడనో రైలు పట్టాలు తప్పినదనుకొందము. ఆ యూరి విలేఖరి తన పై కార్యాలయమునకు కబురంపును. అచ్చటి ఉపసంపాదకుడు వెంటనే నమ్మడు. చనిపోయినవారెందరు? లెక్క చెప్పినదెవరు? నీవు చూచితివా, వింటివా? ఈ ప్రశ్నలు తీరినపిదప మొదటి రెండు వాక్యములు పోవును. వివరములు వెనుక వచ్చుచుండును. పూర్వము టెలిప్రింటరు టకటకలాడుచు కాగితమును కక్కెడిది. నేడు కంప్యూటరు తెరపై నక్షరములు మెరయును. యంత్రము మారినను ఆ ప్రశ్నలు మారలేదు. ఒక పత్రికలోని తప్పు ఆ పత్రికకే. వార్తాసంస్థ తప్పు వందపత్రికల తప్పగును.

ఇచ్చట మన భాషకు ఒక వింత యున్నది. గుంటూరున తెలుగువారు తెలుగున చెప్పిన సంగతి ఇంగ్లీషు దుస్తులు తొడిగికొని సంస్థకు పోయి, అర్ధరాత్రి తెలుగుపత్రిక ఉపసంపాదకుని చేత మరల తెలుగు గట్టించుకొని మన యింటికి వచ్చుట దశాబ్దములుగా జరిగినది. హిందీకి 1986లో 'భాషా' యను ప్రత్యేక విభాగ మేర్పడెను.

ఉమ్మడిసొత్తు గనుక ఇందు చిక్కులు లేవనరాదు. అమెరికాలో సభ్యపత్రికలే తలుపు మూసినవి. తమకు పోటీయగు పత్రికను చేరనీయకుండ అడ్డుపడు హక్కు నిబంధనలలో వ్రాసికొన్నారు. 'షికాగో సన్' అట్లే వెలుపల నిలువవలసివచ్చెను. 1945లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లవనెను. సహకారమను పేర గుత్తవ్యాపారము చేయరాదని దీని తాత్పర్యముగ మేము గ్రహించితిమి.

మనదేశమున ఆపద మరియొక దిక్కునుండి వచ్చెను. అత్యవసర పరిస్థితికాలమున, 1976లో, ప్రభుత్వ మొత్తిడిచే పి.టి.ఐ., యు.ఎన్.ఐ., మరి రెండు సంస్థలు 'సమాచార్' అను ఒక్క గొంతుకగా కలుపబడినవి. 1978లో గాని మరల విడివడలేదు. పత్రికల చందాలతోపాటు ఆకాశవాణి వంటి ప్రభుత్వసంస్థల చందాయు ఇట్టి సంస్థకు పెద్ద ఆధారముగ నుండెను. పెద్ద చందాదారుడు అలిగిన ఖజానా వణకును. 2020 జూనులో చీనా రాయబారితో పి.టి.ఐ. జరిపిన సంభాషణపై ప్రసారభారతి ఆగ్రహించి లేఖ వ్రాసెను. అక్టోబరులో ఆ చందాను మానివేసెను. పి.టి.ఐ. ఆగలేదు.