ఇంటి ముందు రోడ్డు ఎవరిది?

(ఉగాది సాంస్కృతికోత్సవములలో చేసిన ప్రసంగ పాఠము)



పగలు బడిలో ఇంగ్లీషున పాఠము చెప్పి, సాయంకాలపు తరగతులలో పెద్దవయసున నేర్చుకొన్న తెలుగు మాది. అందుచేత చిన్న చిన్న మాటలతోనే చెప్పుకొంటాము. పద్యములు, కోలాటములు మా తరువాత ఉన్నవి. మేము మాత్రము రోడ్ల గురించి, డ్రైన్ల గురించి మాట్లాడుటకు వచ్చినాము. పండుగనాడు డ్రైన్ల మాట ఏమిటని ముందు వరుసలో అక్క ఒకరు అప్పుడే ముఖము చిట్లించినారు. కొంచెము ఓపిక పట్టండి అక్కా.

డర్బన్ నగరపు రోడ్లను మన తాతలు వేసినారు, ఊడ్చినారు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. సోమ్‌సూ రోడ్డు ప్రక్కన మ్యాగజైన్ బ్యారక్స్ అని ఉండేది. కార్పొరేషను పనివారు కుటుంబములతో అక్కడ ఉండేవారు. వారిలో తెలుగువారు, తమిళులు ఎక్కువ. తెల్లవారక ముందే చీపురు, పార, బుట్ట పట్టుకొని బయలుదేరేవారు. ఊరి చెత్త, ఊరి మలము కూడ మనవారు మోసినారు. ఈ మాట కొందరు ఇళ్లలో పిల్లలకు చెప్పరు. చెప్పవలెనని మా అభిప్రాయము.

ఊరు వారి చేతులతో శుభ్రమైనది గాని, ఊరి నిర్ణయములలో వారికి మాట లేదు. 1924లో వచ్చిన నేటాల్ శాసనము మనవారి మునిసిపల్ ఓటును తీసివేసినది. క్లేర్‌వుడ్, మెరెబ్యాంకు వంటి చోట్ల పైసా పైసా కూడబెట్టి నేల కొన్నవారు రేట్లు కట్టవలెను; ఓటు వేయరాదు. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, నలుగురు కూర్చొని అర్జీ వ్రాయుట. రేట్‌పేయర్స్ అసోసియేషను అనేది మనకు ఆ విధముగా అలవాటైనది. దీపము లేదు, నీరు లేదు, రోడ్డు బురద అని ఏళ్ల తరబడి వ్రాసిన అర్జీలవి. చదువు వచ్చిన కుర్రవాడు వ్రాసేవాడు, చదువు రాని పెద్దలు వ్రేలిముద్ర వేసేవారు. అర్జీ పట్టుకొని కౌన్సిలు ఆఫీసుకు వెళ్లేవారు మంచి కోటు తొడుగుకొని వెళ్లేవారట. ఆ కోటు ఒక్కొక్కసారి ప్రక్కింటివారిది!

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టము వచ్చినది. 1960లలో మనలో చాలమందిని చాట్స్‌వర్త్ కొండల మీదికి తరలించినారు. మా తరము పిల్లలము అప్పుడే అక్కడికి వచ్చినాము. గుడి, చెట్టు, అంగడి, పొరుగువారు అన్నీ వెనుక ఉండిపోయినవి. వీధులకు పేర్లు కూడ పెట్టలేదు. మూడంకెల నంబర్లు వేసినారు. ఉత్తరమునకు చిరునామా వ్రాస్తే లెక్కల పుస్తకము వలె ఉండేది. కొత్త చోట ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. తెలుగు ఇంటి ప్రక్కన హిందీ ఇల్లు, దాని ప్రక్కన ముస్లిము ఇల్లు, ఎదురుగా క్రైస్తవులు. ఆ వరుసలు మళ్లీ కలిసినది భజన వలన కొంత, శవము లేచిన ఇంటికి టీ, రొట్టె తీసుకొనిపోవుట వలన కొంత, వీధి కమిటీ వలన కొంత.

ప్రభుత్వము వారు లోకల్ అఫైర్స్ కమిటీలని పెట్టినారు గాని వాటికి సలహా చెప్పుటకే తప్ప నిర్ణయించుటకు అధికారము లేదు. 1980లో అద్దెల విషయమై పేటల సంఘములు కలిసి డర్బన్ హౌసింగ్ యాక్షన్ కమిటీగా నిలిచినవి. చివరకు మా రాష్ట్రములో అందరికీ మునిసిపల్ ఓటు వచ్చిన మొదటి ఎన్నిక 1996 జూన్ 26న జరిగినది. 1924 నుండి లెక్కవేస్తే 72 ఏళ్లు. మా నాయనలలో ఎందరో ఆ వరుసలో నిలబడకుండానే పోయినారు.

ఓటు వచ్చినది కదా, ఇక సంఘమెందుకు అన్నవారు అప్పుడే మొదలైనారు. ఈనాడు కూడ అంటున్నారు. చట్టప్రకారము వార్డు కమిటీలు ఉండవచ్చును. అందులో కౌన్సిలరు కాక పది మంది వరకు సభ్యులు. ఒక వార్డులో ఎన్ని వీధులు ఉన్నవో లెక్కపెట్టండి. మీ గుమ్మము ముందరి గుంత ఆ పది మందికి ఎట్లు తెలుస్తుంది? ఎవరో ఒకరు ఫోను చేయవలెను. రెఫరెన్సు నంబరు వ్రాసుకొనవలెను. రెండు వారములు గడిస్తే ఆ నంబరు చెప్పి మళ్లీ అడుగవలెను. ఇందులో వీరత్వము ఏమీ లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు చాలును.

2022 ఏప్రిల్ 11, 12 తేదీల వాన మీకందరికీ జ్ఞాపకమే. మన రాష్ట్రములో 400 మందికి పైగా చనిపోయినారు. మా వీధిది కొండవాలు. పైనుండి వచ్చే నీరంతా మూల మీది కాలువ నోటిలోనికి పోవలెను. మా కమిటీ వారు ఆ నోటిని నెలకొకసారి శనివారమునాడు పారలతో శుభ్రము చేసేవారు. వీరికి పని లేదు అని నవ్వినవారున్నారు. ఆ రాత్రి మా కాలువ పొంగలేదు. క్రింది వీధిలో మూడు ఇళ్లలోనికి బురద వచ్చినది. తరువాత కుళాయిలు ఎండిపోయినవి, నీళ్ల లారీ రావలసి వచ్చినది. లారీ వస్తే బక్కెట్టు మోయగలవారు ముందుకు పరుగెత్తుతారు. మోయలేని అవ్వల మాట? మా నోటుబుక్కులో ఒంటరిగా ఉండే ముసలివారి పేర్లు, ఇంటి నంబర్లు ముందే వ్రాసి ఉన్నవి. ఆ పేజీ ఒక్కటి చూపి పిల్లలను పంపినాము. మొదటి బక్కెట్లు ఆ ఇళ్లకే వెళ్లినవి.

పెండ్లికి, ప్రార్థనకు రోడ్డు మీద టెంటు వేయుట మనకు అలవాటు. వీధివారికి ముందుగా చెప్పండి. అంబులెన్సు పోయేంత దారి విడవండి. మరునాడు విస్తళ్లు, కాగితపు ప్లేట్లు మీరే ఎత్తండి. ఉగాది ఇక్కడ వసంతములో రాదు, శరత్కాలములో వస్తుంది. ఆ పచ్చడి ఎదురింటి జులూ కుటుంబమునకు కూడ పంపండి. పోయినసారి ఆ ఇంటి బామ్మ తిని, ఇది మందా, మిఠాయా అని అడిగినది. రెండూ అని చెప్పినాము.

ఇప్పుడు అసలు సంగతి. మా వీధి మొదట గేటు పెట్టవలెనని ఒక తీర్మానము వచ్చి ఉన్నది. దొంగతనములు నిజము, 2021 జూలైలో పడిన భయము కూడ నిజము. గేటు కోరేవారు మన అన్నదమ్ములే, వారిని తప్పు పట్టము. అయితే రోడ్డు అందరిది. మునిసిపాలిటీ అనుమతి లేనిదే మూయరాదు. అనుమతి వచ్చినా, గేటు దగ్గర నిలబడే మనిషి ఎవరిని ఆపుతాడు, ఎవరిని చూడకుండానే వదులుతాడు? తెల్లవారక ముందు చీపురు పట్టుకొని నడిచి వచ్చే మనిషినే ఆపుతాడు. ఒకప్పుడు ఆ మనిషి మన తాత.

సాయంకాలపు తరగతిలో రహదారి అనే మాట వచ్చినది. పాత నిఘంటువులలో దానికి దారి అనే కాదు, ప్రయాణమునకు అనుమతి చీటీ అనే అర్థము కూడ ఉన్నది. 1975 వరకు నేటాల్ దాటి ట్రాన్స్‌వాల్ పోవుటకు మనకు పర్మిటు కావలసి ఉండేది. చెల్లెలి పెండ్లికి పోవుటకు కూడ చీటీ తీసుకొన్న ఇళ్లు ఈ సభలో ఉన్నవి. అందుచేత మేము గేటుకు వద్దనియే ఓటు వేస్తాము. దానికి బదులు దీపములు బాగుచేయించుట, రాత్రి జట్లుగా తిరుగుట, ఆ జట్లలో వీధిలోని అన్ని జాతుల ఇళ్ల నుండి మనుషులుండుట కోరుతాము. ఇది కష్టమైన పని, గేటు సులభము. అది కూడ తెలిసే చెప్పుచున్నాము.

పోయిన వార్షిక సభకు 11 మంది వచ్చినారు. అందులో అరవై దాటనివారు ఇద్దరు. కార్యదర్శి గారికి కళ్లు సరిగా కనబడుట లేదు, కోశాధికారి కుమారుని దగ్గరకు జొహానెస్‌బర్గ్ పోవుచున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారము మూడు గంటలకు బడి హాలులో గేటు తీర్మానము మీద ఓటు ఉన్నది. గేటు కావలెననేవారు కూడ రండి, వాదించండి. నోటుబుక్కు వ్రాయుటకు ఒక చిన్నవారు కావలెను. అక్షరములు గుండ్రముగా లేకపోయినా ఫరవాలేదు, నంబర్లు సరిగా వ్రాస్తే చాలును. టీ మేము పెడతాము.