కొత్త పికప్ కొనాలా, పాత బండే నడపాలా?

(కీసరలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య సంఘం దగ్గరికి ధర గురించి అడగడానికి వచ్చేవాళ్లకంటే బండి గురించి అడగడానికి వచ్చేవాళ్లే ఎక్కువైనారు. టాటా ఏస్ అమ్మి బొలెరో పికప్ తీసుకోమంటారా? పాత పికప్ ఉంది, రెండు టన్నులు మోసే కొత్తది తీసుకోమంటారా? ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి పనికిరాదు కాబట్టి లెక్క అందరి ముందు పెడదామని ఇక్కడ కూర్చున్నాం.

షోరూముల ముందు బోర్డులు మీరూ చూశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అది నిజమే, మంచిదే. పన్ను కలపని ధర 8 లక్షలుంటే 80 వేలు తగ్గినట్టు. కానీ మనలో ఎందరం రొక్కం పెట్టి కొంటాం? 8 లక్షలు అప్పు, 11 శాతం వడ్డీ, ఐదేండ్ల గడువు అనుకుంటే నెలకు కిస్తీ 17,400 దాకా పడుతుంది. ఐదేండ్లలో వడ్డీయే 2 లక్షల 43 వేలు. తగ్గిన పన్నుకు మూడింతలు వడ్డీ రూపంలో పోతుంది.

ఇప్పుడు బోయిన్‌పల్లి మార్కెట్ లెక్క చూద్దాం. 25 కిలోల టమాట బాక్సుకు కిరాయి 30 రూపాయలు అనుకుందాం. ఒక రైతు రోజుకు 20 బాక్సులు, ఏడాదిలో 120 రోజులు పంపుతాడు. సొంత బండి ఉంటే రోజుకు 600 కిరాయి మిగులుతుంది. కిస్తీని అదే 120 రోజులకు పంచితే రోజుకు 1,740 పడుతుంది. డీజిల్ ఇంకా పోయనే లేదు. మిగతా రోజులు బండి చింతచెట్టు కింద ఉన్నా ఫైనాన్సోళ్ల కిస్తీ ఆగదు.

అదే బండిలో నలుగురు రైతుల సరుకు కలిపి 60 బాక్సులు, అంటే టన్నున్నర, ఏడాదికి 300 రోజులు పోతే సంగతి వేరు. కిరాయి 1,800. పోనురాను డీజిల్‌కు 500 తీసేయండి, ఆ రోజు వంతు కిస్తీ 700 తీసేయండి. 600 మిగులుతుంది. అందులో డ్రైవర్ కూలి, టైర్లు, సర్వీసింగ్, బీమా. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఏడాదికి 16 వేల పైన ఉంటుంది. మిగిలేది కొంచెమే, కానీ బండి నిలబడుతుంది. కనుక ముందు చూడాల్సింది బండి ఎన్ని టన్నులు మోస్తుందని కాదు, మన దగ్గర ఏడాది పొడుగునా ఎన్ని బాక్సులు ఉన్నాయని.

మన భూముల సంగతి వేరే చెప్పాలా? రాంపల్లి, చీర్యాల, యాద్గార్‌పల్లి ఏ దిక్కు చూసినా వెంచర్ల రాళ్లే. నాలుగెకరాలు ఎకరమైనాయి. ఎకరం కూరగాయలకు రెండు టన్నుల బండి ఎందుకు? కొన్నవాళ్లు కిస్తీ కోసం నాచారం ఫ్యాక్టరీల కిరాయిలకు తిప్పుతున్నారు. ఆ పని తప్పనం లేదు. కానీ అది వ్యవసాయం కాదు, ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం, దానికి తగ్గట్టే లెక్క వేసుకోవాలె.

కొత్త బండితో లాభం లేదా అంటే ఉంది. బ్రేకులు బాగుంటాయి, పవర్ స్టీరింగ్ ఉంటుంది, తెల్లవారుజామున రెండు గంటలకు బయలుదేరే మనిషికి అది చిన్న విషయం కాదు. ఏస్ మీద 750 కిలోలకు మించి వేయొద్దు, మనం వేసేది మనకు తెలుసు. అదే సరుకు పెద్ద పికప్‌లో న్యాయంగా పోతుంది, కింది బాక్సులో టమాట నలగదు. సొంత బండి ఉన్నవాడు ఒక మార్కెట్‌లో ధర పడిపోతే ఇంకో మార్కెట్‌కు తిప్పుకుంటాడు. అడ్తిదారు ముందు ఆ మాత్రం స్వేచ్ఛ చాలా పెద్దది.

రిపేరు దగ్గర మాత్రం జాగ్రత్త. 2020 ఏప్రిల్ నుంచి అమ్మేవన్నీ బీఎస్-6 బండ్లు. పాత ఇంజన్‌ను మన మెకానిక్ చెవి పెట్టి విని బాగు చేస్తాడు. కొత్తదానికి సెన్సార్లు, కంప్యూటర్. డీజిల్ బండ్లలో చాలావాటికి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పనుల నడుమ మొదటి గేర్లో పాకే బండికి అది ఎక్కడ కుదురుతుంది? వారానికి ఒకసారైనా రింగు రోడ్డు మీద తిప్పాలి. లైటు వెలిగితే వెంటనే చూపించాలి, రేపు చూద్దామంటే ఖర్చు పెరుగుతుంది.

ఇంకో మాట ప్రచారంలో ఉంది. పదిహేనేండ్లు దాటితే బండి తీసుకుపోయి తుక్కు చేస్తారని కొందరు ఏజెంట్లు భయపెడుతున్నారు. ఏండ్లు చూసి బండి ఆపేసే ఆంక్ష ఢిల్లీ ప్రాంతంలో వచ్చింది, మన దగ్గర లేదు. ఫిట్‌నెస్ పాసైతే నడుస్తుంది. అయితే పదిహేనేండ్లు దాటిన వాణిజ్య బండ్ల ఫిట్‌నెస్ రుసుములను 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం పెంచింది, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. భయంతో మాత్రం పాతబండిని అగ్గువకు వదులుకోవద్దు.

కాగితాల్లో ఒక గీత ఉంది. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్ ఆ గీత కింద ఉంది. పెద్ద పికప్‌లు చాలావరకు దాటుతాయి. ఆర్సీలో ఆ అంకె చూసి కొనండి. లైసెన్సుకు మాత్రం భయం లేదు. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది.

అన్నిటికంటే ముఖ్యమైనది కూలీల సంగతి. పెద్ద బండి వస్తే కలుపుకు పోయే ఆడవాళ్లను పదిహేను మందిని వెనక నిలబెడతాం. సరుకు యజమాని, లేదా ఆయన తరఫు మనిషి సీట్లో కూర్చొని పోతే బీమా వర్తిస్తుంది. వెనక ట్రాలీలో నిలబడ్డ కూలీలకు వర్తించదు. 2018 జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే. కూలీలకు ఆటో మాట్లాడండి, ఆ ఖర్చు సాగు ఖర్చులో రాసుకోండి.

మా సలహా ఇది. ఎకరం, రెండెకరాల వాళ్లు ఒంటరిగా కొనొద్దు. వరుస పొలాలవాళ్లు నలుగురు కలిసి కొనండి, బండి ఎవరి పేర ఉంటే వాళ్ల మీదే అప్పు భారం పడకుండా తెల్లకాగితం మీద కాదు, స్టాంపు కాగితం మీద రాసుకోండి. నడిచే పాత బండి ఉన్నవాళ్లు ఈ పంట కాలమంతా డీజిల్, రిపేరు, కిరాయి ఒక నోట్‌బుక్కులో రాయండి. కొనాలని తేల్చుకున్నవాళ్లు అప్పు పత్రాల మీద సంతకం పెట్టకముందే సంఘం దగ్గరికి తెండి. వడ్డీ, గడువు, ముందే తీర్చేస్తే పడే జరిమానా, అన్నీ కూర్చొని చదువుదాం.